ఖాళీ బండి మట్టం

కోస్గి
జూన్ 7

తమ్ముడు ఇంద్రసేనకు,

నేను బాగున్నాను. నా నడుము మాత్రం బాగాలేదు. మేమిద్దరం వేరుకాపురం పెట్టినట్టే అనుకో. పరీక్ష అయ్యేదాకా ఫోను ముట్టనని ఒట్టు పెట్టుకుని దాన్ని తీసుకెళ్ళి రమాకాంత్ అన్న మెకానిక్ దుకాణంలో పడేశావు. నీకు పాముకన్నా ఫోనే భయమైపోయింది. అందుకని అంగన్‌వాడీలో పిల్లల బరువులు రాసే పుస్తకంలోంచి కాగితం చింపి రాస్తున్నాను. సూపర్‌వైజర్ అడిగితే నీ పేరే చెబుతాను.

ఈ ఉత్తరం మీ బావ పికప్‌లోనే వస్తుంది. పదిహేను రోజులకోసారి శనివారం కూలీలను ఊళ్ళో దింపి, సోమవారం హైదరాబాదుకు ఎక్కించుకుపోయే బండికి ఒక కాగితం బరువవుతుందా? ఆ కూలీల్లో ఉన్న హనుమమ్మ చేతికిచ్చాను. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కూడా ఆమె మూటలోనే ఉన్నాయి. "బిరేకు సారుకు బువ్వ సక్కగ దొర్కుతున్నదో లేదో, మొకం జూస్తె పీక్కపోయింది" అని నీ గురించి ఒకటే బెంగ ఆమెకు. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం నీకు వచ్చేసినట్టే మాట్లాడుతుంది. వాళ్ళాయన కనకయ్య కూడా నవ్వుతాడు, "ముందుగాల రానీయే" అని.

అసలు సంగతికి వస్తాను. నెలనెలా నారాయణగూడ డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళేది ఈ బండే కదా. అది బండి కాదు నాయనా, చేట. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి కోస్గి నుంచి హైదరాబాదు దాకా చెరుగుతుంది. మందులు వేసుకుని ఇంటికి వచ్చేసరికి రోగం మళ్ళీ మొదటికొస్తుంది. ఇదేమిటని అడిగితే మీ బావ బండి పక్కన నిలబడి ఒక కన్ను మూసి చూస్తాడు. "గీ బండి జూడు, ఎనక లేసి ముందటికి వంగి ఉంటది. మేస్త్రి బండే గిట్ల వంకరగుంటే నాకు స్లాబు ఎవడిస్తడు?" అంటాడు. ఇంట్లో మంచం కోళ్ళు కూడా మట్టం చూసి వేసే మనిషి. బండిని మట్టం చేయిస్తే దాని కుదుపూ పోతుందని ఆయన నమ్మకం.

నువ్వు ఆటోమొబైల్ డిప్లొమా చదివావు, నాలుగేళ్ళు రమాకాంత్ అన్న దగ్గర కమాన్ పట్టీలు కొట్టావు. ఇదేమైనా అవుతుందా? నీ చదువు మా ఇంటికి పనికొచ్చే రోజు ఒకటి రానీ.

నీ అక్క,
స్వరూప

అశోక్ నగర్
జూన్ 14

అక్కకు,

రొట్టెలు అందాయి. మా గదిలో నలుగురం, రొట్టెలు పన్నెండు. లెక్క సరిగ్గా సరిపోయింది కానీ నాకు ఒకటే దక్కింది.

నువ్వు అడిగినదానికి జవాబు నా సిలబస్‌లోనే ఉంది. కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నంతసేపూ చదువుకుంటున్నట్టే. విను. పికప్ వెనక చక్రాల మీద కట్టగా పేర్చిన ఉక్కు స్ప్రింగులు, ఆ కమాన్ పట్టీలు, టన్నున్నర బరువు కోసం చేసినవి. బరువు ఉంటే అవి వంగుతాయి, కుదుపును మింగుతాయి. ఖాళీగా ఉంటే వంగవు. అవి వంగకపోతే ఎగిరిపడేది నువ్వే. బండి వెనక నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉండటం కూడా అందుకే. బరువెక్కితే అది దిగి, అప్పుడు మట్టానికి వస్తుంది. కంపెనీవాడు కళ్ళు మూసుకుని వంకరగా చేయలేదు. ఇది బావకు చెబితే "గోడైతే గట్ల కడ్తమా?" అంటాడని నాకు తెలుసు.

చేయాలంటే చేయవచ్చు. ముందు చక్రాల స్ప్రింగుల మీద ఇనుప దిమ్మెలు పెట్టి రెండంగుళాలు లేపాలి. వెనక కట్టలోంచి ఒక పట్టీ తీసేయాలి. ఖాళీ బండి మట్టంగా నిలబడుతుంది. నీ నడుముకూ సుఖమే. కానీ బావ ఆ బండి వెనక కొక్కేనికి మిల్లరు తగిలిస్తాడు కదా. కంకరా సిమెంటూ కలిపే ఆ మిషను చిన్నదేమీ కాదు. దాన్ని లాగేటప్పుడు ఏమవుతుందన్నది వేరే సంగతి. అది కాగితం మీద చెప్పేది కాదు, బావకు ఎదురుగా నిలబడి చెబుతాను.

రేపు ఆదివారం రమాకాంత్ అన్న పెళ్ళికి వెళ్తున్నాడు. దుకాణం తాళం నా దగ్గరే ఉంది. బావను బండి తీసుకురమ్మన్నాను. చూద్దాం.

చదువు సాగుతోంది. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే గేటు తీయకముందే వరసలో నిలబడాలి. నాకు ముప్ఫై ఒకటి నిండాయి. నా పక్క కుర్చీ అబ్బాయి నన్ను అంకుల్ అన్నాడు. వాడికి జ్వరం రావాలని కోరుకున్నాను.

నీ తమ్ముడు,
ఇంద్రసేన

కోస్గి
జూలై 6

తమ్ముడికి,

నీ చేతులు చల్లగా ఉండాలి. కోస్గి నుంచి నారాయణగూడ దాకా నిద్రపోతూ వచ్చానంటే నమ్ముతావా? పరిగి దాటాక మెలకువ వస్తే బండి ఆగిపోయిందేమో అనుకున్నాను. డాక్టరు నడుము నొక్కి చూసి, వ్యాయామం చేస్తున్నావా అమ్మా అని మెచ్చుకున్నాడు. మా తమ్ముడు చేశాడు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

మీ బావ ఆనందం చెప్పనలవి కాదు. మీరందరూ కలిసి బండిని స్లాబులా మట్టం చూశారటగా! గొట్టంలో నీళ్ళు పోసి, ఒక కొస ముందు బంపరు దగ్గర ఆయన పట్టుకుంటే, రెండో కొస వెనక హనుమమ్మ పట్టుకుందట. రెండు వైపులా నీళ్ళు ఒక్క గీత మీద నిలబడ్డాయట. ఊళ్ళో కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు. మొన్న మా అంగన్‌వాడీ ఆయాను కూడా వదల్లేదు. ఆమెకు బండీ లేదు, గోడా లేదు.

నాలుగు రోజులు బాగ్ లింగంపల్లిలో మీ బావా కూలీలూ ఉండే బస్తీలోనే ఉన్నాను. ఒక రోజు చీకటితోనే మిల్లరు తగిలించి పనికి బయలుదేరుతుంటే చూశాను. బండి ముక్కు పైకెత్తి నడిచింది. ఎదురుగా వస్తున్న ఆటోవాడు బండి లైట్లు కళ్ళలో పడి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో తిట్టాడు. వెనక తొట్టిలో కూర్చున్న హనుమమ్మ, "మన బండికి పొగరొచ్చింది, ఆకాశం జూసుకుంట పోతున్నది" అని అందర్నీ నవ్వించింది. నేనూ నవ్వాను.

ఇంకో సంగతి ఏదో ఎదురుగా చెబుతానని రాశావు కదా, అది ఇదేనా? మీ బావ నీ గురించి మాట్లాడితే ఈమధ్య గొంతు మారుతోంది. "మా బామ్మర్ది సదువు" అని మొదలుపెడతాడు. ఆరేళ్ళుగా నీ పరీక్షల మాట వస్తే లేచి బయటికి పోయే మనిషి. నాకు కడుపు నిండింది.

నీ అక్క,
స్వరూప

అశోక్ నగర్
జూలై 12

అక్కకు,

తొందరలో రాస్తున్నాను. రేపు గ్రాండ్ టెస్టు ఉంది. మొన్నటి టెస్టులో నూట యాభైకి నూట పదకొండు వచ్చాయి. ఆటోమొబైల్ భాగంలో ఒక్కటీ తప్పు పోలేదు.

బండి ముక్కు ఎత్తడం గురించి బావతో మాట్లాడాలి. రేపు కుదరదు. ఆ పై ఆదివారం బండి ఊరికొస్తుంది. ఇరవై ఏడున తప్పకుండా బస్తీకి వెళ్తాను. ఆ పట్టీ దుకాణంలోనే ఉంది, పారేయలేదు. అవసరమైతే తిరిగి వేసేయవచ్చు, గంట పని.

నడుము జాగ్రత్త. బరువులెత్తకు.

ఇంద్రసేన

కోస్గి
జూలై 31

ఇంద్రసేనకు,

ఇది పోస్టులో పంపుతున్నాను. బండి పోలీసు స్టేషన్ ఆవరణలో ఉంది.

ఫోనులో అడగవచ్చు. ఇప్పుడు నీ ఫోను నీ దగ్గరే ఉందని తెలుసు. కానీ ఫోనులో నువ్వు ఊ, ఆ అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే కూర్చుని రాయాలి.

జరిగింది నీకు తెలుసు, అయినా రాస్తాను. రాస్తే నిజమని తెలుస్తుందేమో అని. ఇరవై రెండు, మంగళవారం. విద్యానగర్ దగ్గర వంతెన దిగుతున్నారు. వెనక మిల్లరు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టిందట. మీ బావ బ్రేకు తొక్కాడు. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు మాట వినలేదట. మిల్లరు పక్కకు వచ్చి బండినే తోసింది. బండి అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది. తొట్టిలో తొమ్మిది మంది ఉన్నారు. ఎనిమిది మంది లేచారు.

హనుమమ్మను ఊళ్ళోనే మట్టి చేశాం. నువ్వు వచ్చావు. పిడికెడు మట్టి వేశావు. కనకయ్య ఎదురుగా నిలబడి, ఏమీ అనకుండా తిరిగి బస్సెక్కావు. నాకు ఏడుపు రాలేదు. ఆ పూట అంగన్‌వాడీకి వెళ్ళి పిల్లలకు గుడ్లు పంచాను. ఒక గుడ్డు మిగిలింది, దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఎవరిదో గుర్తు రాలేదు.

మీ బావకు కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. కేసు ఆయన మీద రాశారు. నిర్లక్ష్యంగా నడిపాడని.

ఒక్కటే అడుగుతాను. నువ్వు జూన్‌లో రాసిన ఉత్తరం నా దగ్గరుంది. మిల్లరు లాగితే ఏమవుతుందో బావకు ఎదురుగా చెబుతానని రాశావు. చెప్పావా?

స్వరూప

అశోక్ నగర్
ఆగస్టు 5

అక్కకు,

చెప్పాను. పని హడావిడిలో బావ సరిగా విన్నాడో లేదో నాకు తెలియదు.

నేను బాగానే ఉన్నాను. లైబ్రరీకి వెళ్తున్నాను. వేళకు ఆకలి వేస్తోంది, తింటున్నాను. అదొక్కటే నాకు నచ్చటం లేదు.

ఇంద్రసేన

కోస్గి
ఆగస్టు 26

ఇంద్రసేనకు,

నీ ఉత్తరం చదివి ఆయనకు వినిపించాను. ఆయనకు చదువు రాదు కదా, నేనే వినిపించాలి. విని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చెప్పిండేమో. నాకు యాదికి లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడటం లేదు. కావాలని మానలేదు. మాట నోటిదాకా రావటం లేదు. నీళ్ళు, మందు, అన్నం, ఈ మూడు మాటలతో మా ఇల్లు నడుస్తోంది. చెప్పానని నువ్వంటున్నావు. గుర్తు లేదని ఆయనంటున్నాడు. ఇద్దరిలో ఒకరినే నమ్మగలను. నిన్ను చంకన వేసుకుని పెంచాను.

కనకయ్య అంబర్‌పేటలో వేరే మేస్త్రి దగ్గర చేరాడు. మిగతావాళ్ళూ తలో దిక్కు పోయారు. పోయేముందు వాళ్ళలో ఒకడు, పెద్దులు, మా గుమ్మంలో నిలబడి, "సదువుకున్నోడు చెప్పినా ఇనకపోతివి గదా మేస్త్రీ" అని వెళ్ళాడు. ఆ మాట వాళ్ళకు నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఎవరో ఒకరి మీద పెట్టకపోతే ఊపిరాడలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చూసి కాగితం ఇచ్చాడట. బ్రేకులు సరిగ్గానే ఉన్నాయి, టైర్లు సరిగ్గానే ఉన్నాయి, స్టీరింగు సరిగ్గానే ఉంది. బండిలో లోపం లేదు. అంటే లోపం నడిపినవాడిదే.

మీ బావ ఇప్పుడు మాతో కూర్చుని తినడు. అందరూ తిన్నాక వంటింట్లో గోడ వైపు తిరిగి, నిలబడి, ఎడమ చేత్తో నాలుగు ముద్దలు తింటాడు. మొదట నేను పట్టించుకోలేదు. కానీ వారం నుంచి కొత్తది ఒకటి పట్టుకున్నాడు. నేను మాట్లాడకపోయినా నన్ను అడుగుతాడు. "యే దినం చెప్పిండు? నేను యాడ నిలవడ్డ? మిల్లరుకాడనా, చాయ్ కాడనా?" పని చేసిన ప్రతి రోజూ వరసగా తలుచుకుంటున్నాడు. సోమవారం ఫలానా స్లాబు, మంగళవారం ఫలానా చోట సెంట్రింగు అని. ఎక్కడా నువ్వు తగలటం లేదట. "నా తలకాయ పోయిందా? మనిషి చెప్పింది మతికి లేకుంట ఎట్ల పోతది?" అంటాడు. నిన్న పొద్దున నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో నన్ను ఏదీ బతిమాలలేదు. "ఆ దినమేదో రాయమను. గంతే. యాదికొస్తె నేను ఒప్పుకుంట, తప్పు నాదే అని కనకయ్య కాళ్ళు మొక్కుత" అన్నాడు.

కాబట్టి రాయి. ఏ రోజు, ఎక్కడ, ఏమని చెప్పావు. ఆయనకు అది చాలట.

స్వరూప

అశోక్ నగర్
సెప్టెంబరు 6

అక్కా,

ఏ రోజని అడిగావు. రోజు లేదు.

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. మొదటి రెండు రోజులూ ఒక రోజు కోసం వెతికాను. జూన్ 18, బుధవారం, నారాయణగూడ టీ కొట్టు దగ్గర, వాన పడుతోంది అని రాశాను కూడా. వాన కలిపితే నమ్ముతారనిపించింది. బావ గ్లాసు కడిగి బోర్లించాడని కూడా రాశాను. ఆ వాక్యం చదువుకుంటే అది నిజంగా జరిగినట్టే ఉంది. బావకు వినిపిస్తే ఆయనకు గుర్తొచ్చి ఉండేది. జరగనిది కూడా గుర్తు తెచ్చుకునేవాడు, నా మాట మీద అంత నమ్మకం. అప్పుడు ఆ కాగితం చింపేశాను.

నేను బావకు చెప్పలేదు. ఆ ఆదివారం చెప్పలేదు, తరవాతా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 15న ఏం జరిగిందో రాస్తాను. పొద్దున లైబ్రరీలో నమూనా పేపరు రాశాను. అందులో ఒక ప్రశ్న ఉంది. వెనక బరువు లాగే వాహనాన్ని ముందు భాగం లేపి మట్టం చేస్తే ఏమవుతుంది అని. కొక్కేనికి బరువు తగలగానే వెనక దిగుతుంది, ముందు ఇంకా లేస్తుంది. ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. స్టీరింగు తేలిపోతుంది, బ్రేకు ముందు పట్టదు, వెనక లాగే మిషను తోక ఊపినట్టు ఊగుతుంది. సైకిలు క్యారియర్ మీద బస్తా వేసుకుంటే హ్యాండిల్ చేతికి దొరకదు కదా, అదే ఇది. సరైన జవాబు పెట్టాను. మధ్యాహ్నం వెళ్ళి అదే పని చేశాను.

నేను చెప్పాలనే అనుకున్నాను అక్కా. మిల్లరు లాగకూడదు, లాగాలంటే ఆ పట్టీ తిరిగి వేయాలి, ఇంకోటి అదనంగా కూడా వేయాలి అని. పని అయ్యాక బావ గొట్టం తెచ్చాడు. నీళ్ళు పోశారు. నీళ్ళు రెండు వైపులా ఒకే ఎత్తున నిలబడగానే మిగతా కూలీలు ఎనిమిది మందీ చప్పట్లు కొట్టారు. బావ వచ్చి అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా బామ్మర్ది సదువు గిట్ల అక్కరకొచ్చింది" అన్నాడు. ఆరేళ్ళలో నా చదువు గురించి ఒక మనిషి మంచి మాట అనడం అదే మొదటిసారి. ఆ మాట మీద నీళ్ళు పోయాలనిపించలేదు. రేపు చెబుదామనుకున్నాను.

హనుమమ్మ గొట్టం కొస పట్టుకునే ఉంది. నా వైపు చూసి అడిగింది. "ఇగ మంచిగున్నదా సారూ?" అని.

"మంచిగున్నది" అన్నాను.

తరవాత రేపులు ముప్ఫై ఏడు వచ్చాయి. నువ్వు బండి ముక్కు ఎత్తిందని రాసినప్పుడు అది ఎందుకో నాకు వెంటనే తెలిసింది. నిజం. కానీ మర్నాడు గ్రాండ్ టెస్టు ఉంది. ఇక్కణ్ణుంచి బస్తీకి నడిచి వెళ్తే పావుగంట.

ప్రమాదం తరవాత నువ్వు "చెప్పావా?" అని అడిగావు. లేదని రాస్తే కేసులో నా పేరు వస్తుంది, వస్తే ఉద్యోగానికి ముందు జరిగే పోలీసు విచారణలో ఆగిపోతాను. ఇదంతా ఆలోచించి అబద్ధం రాశానని చెబితే కొంచెం గౌరవంగా ఉండేది. నేను ఏమీ ఆలోచించలేదు. పెన్ను తీయగానే "చెప్పాను" అని వచ్చేసింది. లోపల ఏదీ కదలలేదు. అప్పటి నుంచి అలాగే ఉంది. పుస్తకం తెరిస్తే సస్పెన్షన్ పాఠం దగ్గరే ఆగుతాను. అక్షరాలన్నీ తెలిసినవే, చదువుతాను, అర్థమవుతుంది, ఏమీ అనిపించదు. బాధ వేస్తే బాగుండును. వేయటం లేదు.

బావ నిర్లక్ష్యంగా నడపలేదు. ఆ బండిని ఆ వంతెన మీద ఎవరు నడిపినా అంతే. ఆయనకు మతి బాగానే ఉంది. ఆయనకు గుర్తు లేనిది, నేను చెప్పనిది.

ఈ ఉత్తరం ఆయనకు వినిపించు.

ఇంద్రసేన

కోస్గి
సెప్టెంబరు 13

ఇంద్రసేనకు,

వినిపించాను. వాకిట్లో కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా. "నేను బావకు చెప్పలేదు" అన్న వాక్యం దగ్గర ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు. నిన్ను ఒక్క మాట అనలేదు. "ఐతే నా తలకాయ మంచిగనే ఉన్నది" అన్నాడు. లేచి కాళ్ళు కడుక్కుని వచ్చి, పీట వేసుకుని, నా ఎదురుగా కూర్చుని అన్నం పెట్టమన్నాడు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆయన తింటుంటే నేను ఏడ్చాను. హనుమమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇన్నాళ్ళు ఆయన్ని నేనేం చేశానో అప్పుడు తెలిసింది. నాలుగు ముద్దలు తిని గోడకేసి నిలబడే మనిషిని చూస్తూ కూడా మాట రాలేదు నాకు. పెద్దులు ఇంటికి వెళ్ళి నేనన్నది తప్పని చెప్పి వచ్చాను. ఇంకా ఇద్దరు ముగ్గురికి చెప్పాలి. అది నా పని, నేను చేసుకుంటాను.

నిన్ను తిట్టాలని ఈ కాగితం తీశాను. తిట్టు రావటం లేదు. బండి కుదుపు తగ్గించమని అడిగింది నేను, అది కూడా మరిచిపోలేదు. కానీ నేను తెలియక అడిగాను, ఏమవుతుందో నీకు తెలుసు. రెండూ ఒకటి కాదు.

స్టేషన్‌కు వెళ్తావో, పరీక్ష ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఆ విషయంలో నేను వెళ్ళమనీ అనను, వద్దనీ అనను. కనకయ్యకు మాత్రం ఈ ఉత్తరం నేను చదివి వినిపించను. మీ బావనూ చెప్పనీయను. హనుమమ్మ అడిగింది నిన్ను. కనకయ్యకు నువ్వే చెప్పాలి, నీ నోటితో. ఆయన ఉండేది అంబర్‌పేటలో, ముసారాంబాగ్ వైపు సందులో కడుతున్న నాలుగంతస్తుల ఇంటి దగ్గర.

వెళ్ళి వచ్చాక రాయి. వెళ్ళకపోతే రాయకు.

అక్క

అశోక్ నగర్
సెప్టెంబరు 22

అక్కకు,

వెళ్ళి వచ్చాను.

ముందు స్టేషన్‌కు వెళ్ళాను. బండికి ఏం చేశానో కాగితం మీద రాసి, తీసేసిన పట్టీ కూడా గోనెసంచిలో చుట్టి తీసుకెళ్ళాను. అక్కడున్నాయన చదివి, ఏం చేస్తుంటావని అడిగాడు. మోటారు వాహనాల సహాయ ఇన్‌స్పెక్టరు పరీక్షకు చదువుతున్నాను అన్నాను. తలెత్తి నా ముఖం చూసి, కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. పిలిచినప్పుడు రావాలన్నాడు. సంతకం పెట్టాను. పరీక్ష ఎటూ మళ్ళీ వాయిదా పడింది. గదిలో వాళ్ళు ధర్నా అంటూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు.

నిన్న ఆదివారం అంబర్‌పేట వెళ్ళాను. నడిచే వెళ్ళాను. కనకయ్య కింది అంతస్తులో ఇటుకల మీద కూర్చుని తాపీ కడుగుతున్నాడు. నన్ను చూసి, పక్కన ఇంకో ఇటుక వేసి కూర్చోమన్నాడు. చాయ్ తాగుతావా అన్నాడు. వద్దన్నాను. మనిషి సగమయ్యాడు అక్కా. చొక్కా గుండీలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పెట్టుకున్నాడు.

చెప్పాను. ఉత్తరంలో నీకు రాసిందంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా, ఎక్కడా తగ్గించకుండా. హనుమమ్మ గొట్టం పట్టుకుని ఏమడిగిందో, నేనేమన్నానో కూడా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకుంటూ వెళ్ళాను. ఆయన తాపీ కడగడం ఆపి వింటూ కూర్చున్నాడు.

చివరికి ఒక్కటే అడిగాడు. "మరి బండి ఎట్లుండాలె?"

నేను చెప్పాను. ఖాళీగా ఉన్నప్పుడు వెనక కొంచెం లేచే ఉండాలి, మట్టం చేయకూడదు, చేస్తే మిల్లరు తగిలించకూడదు అని.

"గింతేనా?" అన్నాడు.

"గింతే" అన్నాను.

"గీ మాట చెప్పనీకి ఎంతసేపు పడ్తుండె సారూ?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలియక అడిగాడు. నేనేదో పెద్ద లెక్క చెబుతానని, అందులో ఆమె పోవడానికి తగిన కారణం ఉంటుందని నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు.

"అర నిమిషం" అన్నాను.

నీ తమ్ముడు,
ఇంద్రసేన